నీళ్ళు పడని మొక్క

కొల్లేరు ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక అత్త, ఒక కోడలు ఉన్నారు. కొడుకు చేపల చెరువు మీద కాపలా ఉంటాడు. కోడలు రొయ్యల షెడ్డుకు కూలికి వెళ్తుంది. పెళ్ళయి ఆరేళ్ళయింది. ఇంకా పిల్లలు కలగలేదు.

సంక్రాంతి ముందు కోడలు ఏలూరు వెళ్ళింది. బజారులో ఒక తోపుడు బండి కనిపించింది. బండి నిండా పూల మొక్కలు. అందులో ఒక రకం మొక్క ఆమెను కదలనివ్వలేదు. మొక్క జానెడు ఎత్తే ఉంది. ఆకు కనబడకుండా పూసింది. పూలు గులాబి రంగులో మెరుస్తున్నాయి.

"ఇదేం మొక్క బాబూ?" అని అడిగింది.

"అజేలియా అమ్మా. దీన్ని బోన్సాయ్ చేస్తారు. మూకుడంత కుండీలో చెట్టులా పెరుగుతుంది. మీ మనవల కాలం దాకా ఉంటుంది" అన్నాడు బండి అతను.

కోడలు తన కూలి డబ్బులో దాచుకున్న 500 రూపాయలు తీసింది. రెండు మొక్కలు కొంది. బస్సులో ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చింది.

రోజూ పొద్దున్నే బోరు నీళ్ళు పోసింది. ఎండ తగిలే చోట పెట్టింది. పూలు పది రోజులు ఉన్నాయి. తర్వాత రాలిపోయాయి. ఫిబ్రవరి నెల వచ్చేసరికి ఆకులు పసుపు రంగుకు తిరిగాయి. ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. ఆకుల అంచులు మాడిపోయాయి. కోడలు ఇంకా ఎక్కువ నీళ్ళు పోసింది. ఇంకా ఎక్కువ మాడాయి.

అత్త చూసింది.

"నీకు హస్తవాసి లేదే అమ్మాయ్. నీ చేత్తో ఏది పెట్టినా అంతే" అంది.

కోడలు మాట్లాడలేదు. ఆ మాట ఒక్క మొక్క గురించే కాదని ఆమెకు తెలుసు.

బోన్సాయ్ అంటే ఏమిటి?

బోన్సాయ్ అనేది జపాన్ దేశపు మాట. 'బోన్' అంటే పళ్ళెం లాంటి కుండీ. 'సాయ్' అంటే నాటడం. లోతు లేని కుండీలో చెట్టును పెంచడమే బోన్సాయ్. ఈ విద్య మొదట చైనాలో పుట్టింది. అక్కడి నుంచి జపాన్ వెళ్ళింది.

బోన్సాయ్ చెట్టు వేరే జాతి కాదు. మామూలు చెట్టే. మర్రి, రావి, చింత, కాగితం పూల చెట్టు, ఏదైనా కావచ్చు. కొమ్మలు కత్తిరిస్తూ, వేళ్ళు కత్తిరిస్తూ దాన్ని చిన్నగా ఉంచుతారు. చెట్టును ఆకలితో మాడ్చి చిన్నది చేస్తారని కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. దానికి వేళకు నీరు, ఎరువు, ఎండ అన్నీ ఇస్తారు. మాడిన చెట్టు పూయదు.

అజేలియా చల్లని కొండల మొక్క. మన దేశంలో సిక్కిం, డార్జిలింగ్, ఊటీ లాంటి చోట్ల బాగా పెరుగుతుంది. జపాన్‌లో దీన్ని వందల ఏళ్ళుగా పెంచుతున్నారు. అక్కడ 'సత్సుకి' అనే రకం బోన్సాయ్‌కి పేరు పడింది. సత్సుకి అంటే అయిదో నెల. వాళ్ళ పాత పంచాంగం ప్రకారం అయిదో నెలలో పూస్తుంది కాబట్టి ఆ పేరు వచ్చింది.

పక్కింటి అమ్మాయి వచ్చింది

తాడేపల్లిగూడెం దగ్గర వెంకటరామన్నగూడెం అనే ఊరుంది. అక్కడ ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. అది 2007లో మొదలయింది. పండ్లు, కూరగాయలు, పూల మొక్కల చదువు అక్కడ చెబుతారు. కోడలి పక్కింటి అమ్మాయి అక్కడే చదువుతోంది. సెలవుకు ఇంటికి వచ్చింది.

కోడలు ఆమెకు మొక్కలు చూపించింది. అమ్మాయి ఆకును తిప్పి చూసింది. కుండీలో మట్టిని గోటితో గీకింది. పైన తెల్లటి పొర లేచింది.

"అక్కా, దీనికి ఏ నీళ్ళు పోస్తున్నావు?"

"బోరు నీళ్ళే."

"ఆ నీళ్ళతో మీ ఇంట్లో పప్పు ఉడుకుతుందా?"

కోడలు నవ్వింది. "ఎక్కడ ఉడుకుతుంది? కందిపప్పు గంటసేపు పెట్టినా పలుకు పోదు. సబ్బు రుద్దితే నురగ రాదు. కాచిన గిన్నెకు సున్నంలా పట్టేస్తుంది. అందుకే తాగడానికీ, వంటకీ టిన్ను నీళ్ళు కొంటాం."

"మరి మన పప్పుకే పడని నీళ్ళు ఈ మొక్కకు ఎలా పడతాయి అక్కా?"

కోడలు చేతిలో చెంబు కింద పెట్టేసింది.

నీటిలో ఏముంది?

కొల్లేరు మంచినీటి సరస్సు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉంది. సరస్సు నీరు ఉప్పుటేరు గుండా సముద్రంలో కలుస్తుంది. సరస్సులో నీరు తగ్గినప్పుడు సముద్రపు ఉప్పునీరు ఉప్పుటేరు గుండా వెనక్కి ఎక్కుతుంది. చుట్టుపక్కల చాలా ఊళ్ళలో భూమి లోపలి నీరు కూడా ఉప్పగానే ఉంటుంది.

నీటిలో, మట్టిలో పులుపు గుణం ఉండవచ్చు. దాన్ని ఆమ్లం అంటారు. సున్నం, సోడా లాంటి గుణం ఉండవచ్చు. దాన్ని క్షారం అంటారు. ఈ గుణాన్ని కొలిచే అంకె ఒకటి ఉంది. దాన్ని పీహెచ్ అంటారు. 7 అంటే సమానం. 7 కంటే తక్కువైతే ఆమ్లం. 7 కంటే ఎక్కువైతే క్షారం.

అజేలియాకు పులుపు మట్టి కావాలి. పీహెచ్ 5 దగ్గర ఉంటే దానికి హాయి. సున్నం ఉన్న నీరు రోజూ పోస్తే మట్టి క్షారం వైపు తిరుగుతుంది. అప్పుడు మట్టిలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. ఎదురుగా అన్నం ఉన్నా నోరు కట్టేసినట్టు అవుతుంది.

ఒంట్లో రక్తం తగ్గితే ఏమవుతుంది? కంటి రెప్ప లోపల పాలిపోతుంది. డాక్టరుగారు ఇనుము బిళ్ళలు ఇస్తారు. మొక్కకు ఇనుము అందకపోయినా అంతే. ఆకు పాలిపోతుంది. ఈనెలు పచ్చగా, మధ్యలో పసుపుగా కనిపిస్తుంది. ఆకు అంచు మాడితే అది ఉప్పు ఎక్కువైన గుర్తు.

సీసా మీద పేరు

నీళ్ళు పరీక్ష చేయిద్దామని అమ్మాయి చెప్పింది. వెంకటరామన్నగూడెంలో కృషి విజ్ఞాన కేంద్రం కూడా ఉంది. రైతులకు సలహా చెప్పడానికి అలాంటి కేంద్రాలు పెట్టారు.

కోడలు ఒక లీటరు సీసా తీసుకుంది. బోరు కాసేపు వదిలేసింది. అదే నీటితో సీసాను మూడుసార్లు తొలిచింది. తర్వాత నిండా పట్టి మూత బిగించింది. సీసా మీద ఒక కాగితం అంటించింది. కాగితం మీద తన పేరు, ఊరి పేరు, తేదీ రాసింది. రాత్రి బడిలో నేర్చుకున్న అక్షరాలవి. తన పేరుతో ఒక కాగితం ఆఫీసుకు వెళ్ళడం అదే మొదటిసారి.

వారం తర్వాత అమ్మాయి కాగితం తెచ్చింది. కోడలే చదివింది. పీహెచ్ 8 దాటింది. ఉప్పు ఎక్కువ అని రాసి ఉంది.

కోడలు ఆ కాగితం అత్త ముందు పెట్టింది.

"అత్తయ్యా, ఇది నా చెయ్యి కాదు. నీళ్ళు" అంది.

అత్తకు చదవడం రాదు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. ఏమీ అనలేదు.

రెండు మొక్కలు, రెండు నీళ్ళు

అమ్మాయి ఒక ఉపాయం చెప్పింది. ఒక మొక్కకు బోరు నీళ్ళే పోయాలి. రెండో మొక్కకు తాగే టిన్ను నీళ్ళు పోయాలి. రెండో మొక్క పైమట్టి గీకి తీసేయాలి. అక్కడ కొబ్బరి పొట్టు, బాగా మాగిన ఆకు ఎరువు వేయాలి. రెండూ ఒకే నీడలో ఉంచాలి. నెల రోజులు చూడాలి.

"కొన్న నీళ్ళు మొక్కకు పోస్తారా!" అంది అత్త.

"రోజుకు ఒక్క గ్లాసు అత్తయ్యా. నా వాటాలోది పోస్తాను" అంది కోడలు.

మార్చి నెలలో బోరు నీళ్ళ మొక్క ఎండిపోయింది. రెండో మొక్కకు పాత ఆకులు పసుపుగానే ఉన్నాయి. కానీ కొత్త చిగురు వేసింది. చిగురు పచ్చగా ఉంది. అత్త వంగి చూసింది. వేలితో చిగురు ముట్టుకుంది.

మే నెల వచ్చింది. వడగాడ్పు మొదలయింది. తడిగుడ్డ చుట్టినా, చాప అడ్డం కట్టినా లాభం లేకపోయింది. నాలుగు రోజుల్లో ఆ మొక్క కూడా పోయింది. నీరు మార్చగలిగారు. ఎండను మార్చలేకపోయారు.

కోడలికి ఏడుపు వచ్చింది. అమ్మాయి ఆమె పక్కన కూర్చుంది.

"అక్కా, జపాన్‌లో 1923లో పెద్ద భూకంపం వచ్చింది. టోక్యో పట్నం చాలా పాడయింది. అక్కడ బోన్సాయ్ పెంచేవాళ్ళు 1925లో ఓమియా అనే చోటికి మారిపోయారు. ఎందుకో తెలుసా? అక్కడ మంచి నీరు, మంచి మట్టి, మంచి గాలి ఉన్నాయని. అంత పని తెలిసినవాళ్ళు కూడా చెట్టుకు పడే చోటు వెతుక్కుంటూ వెళ్ళారు. మనం ఊరు మారలేం. మొక్కను మారుద్దాం" అంది.

దొడ్డి గోడ దగ్గర మొద్దు

ఇంటి దొడ్డిలో ఒక కాగితం పూల చెట్టు ఉంది. అత్త కాపురానికి వచ్చిన ఏడు నాటింది. గోడ కట్టడానికి దాన్ని కొట్టేయాలని అనుకున్నారు.

కాగితం పూల చెట్టు కూడా మన దేశపుది కాదు. దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. కానీ మన ఎండకు బాగా అలవాటు పడింది. నీరు తక్కువైనా బతుకుతుంది. కొంత ఉప్పును ఓర్చుకుంటుంది. మనం పూరేకలు అనుకునేవి నిజానికి రంగు ఆకులు. వాటి మధ్య సన్నగా తెల్లగా ఉండేదే అసలు పువ్వు.

"అత్తయ్యా, చెట్టు కొట్టేయొద్దు. మొద్దు నాకివ్వండి" అంది కోడలు.

"ముళ్ళ మొద్దు ఏం చేసుకుంటావే?" అంది అత్త. కానీ గునపం తెచ్చి ఇచ్చింది.

కోడలు ఇలా చేసింది:

1. జూన్‌లో తొలకరి పడ్డాక చెట్టును అడుగు ఎత్తు ఉంచి పైన కోసేసింది. చేతులకు గుడ్డ చుట్టుకుంది.

2. మొద్దు చుట్టూ తవ్వింది. లావు వేళ్ళు కోసింది. సన్నని వేళ్ళను జాగ్రత్తగా ఉంచింది. ఈ చెట్టు వేళ్ళు పెళుసు. లాగితే తెగిపోతాయి.

3. ఒక పాత ప్లాస్టిక్ తొట్టికి అడుగున నాలుగు రంధ్రాలు చేసింది. రంధ్రాల మీద పెంకు ముక్కలు పెట్టింది.

4. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు మాగిన పశువుల ఎరువు కలిపింది. కొల్లేటి నల్లమట్టి వాడలేదు. అది తడిస్తే జిగురు, ఎండితే రాయి. కుండీలో వేరుకు గాలి ఆడదు.

5. మొద్దు నాటి నీడలో పెట్టింది. నెల లోపు చిగుళ్ళు వచ్చాయి. చిగుళ్ళు జానెడు పెరిగాక మెల్లగా ఎండలోకి మార్చింది.

మొదటి ఏడాది చిగుళ్ళను పెరగనిచ్చింది. తలో వైపు ఉన్న అయిదు కొమ్మలు ఉంచి, మిగతావి కోసేసింది. లేత కొమ్మలకు మెత్తని అల్యూమినియం తీగ చుట్టి మెల్లగా వంచింది. ముదురు కొమ్మలను వంచలేదు. అవి విరుగుతాయి. తీగ బెరడులోకి దిగకముందే విప్పేసింది.

రెండో ఏడు తొలకరిలో దాన్ని లోతు లేని మట్టి కుండీలోకి మార్చింది. వేరు ముద్దను ఎక్కువ కదపలేదు.

నీరు ఎప్పుడు పోయాలి?

రోజూ పోయాలనే లెక్క లేదు. ఒక పుల్లను మట్టిలో రెండు అంగుళాలు గుచ్చాలి. తీసి చూడాలి. పుల్లకు తడి మట్టి అంటుకుంటే నీరు పోయకూడదు. పొడిగా వస్తే పోయాలి. పోసినప్పుడు అడుగు రంధ్రాల్లోంచి కారే దాకా పోయాలి. అప్పుడే మట్టిలో చేరిన ఉప్పు కడుక్కుపోతుంది. వానాకాలంలో వాన నీరు పట్టి పోస్తే ఇంకా మంచిది.

కాగితం పూల చెట్టుకు రోజుకు అయిదారు గంటలు ఎండ తగలాలి. నీడలో పూయదు. యూరియా వేస్తే ఆకులే వస్తాయి, పూలు రావు. చలికాలంలో నీరు కొంచెం తగ్గించాలి. అప్పుడు మొగ్గ కడుతుంది. పూలు రాలాక కొమ్మలను రెండు మూడు కణుపులు ఉంచి కత్తిరించాలి. కొత్త కొమ్మ మీదే మళ్ళీ పూస్తుంది. రెండు మూడేళ్ళకు ఒకసారి మట్టి మార్చాలి.

కుండీ కింద పళ్ళెంలో నీరు నిలవకుండా చూసుకోవాలి. నిలిస్తే దోమలు పెరుగుతాయి.

చల్లని కొండ ఊళ్ళలో ఉన్నవారు అజేలియానే పెంచవచ్చు. దానికి వాన నీరు, పులుపు మట్టి, కొంత నీడ కావాలి. పూలు వాడగానే తుంచేయాలి. కొమ్మలు కూడా పూలయిన వెంటనే కత్తిరించాలి. ఆలస్యం చేస్తే వచ్చే ఏటి మొగ్గలు పోతాయి. ఈ మొక్కకు పై కొమ్మల కంటే కింది కొమ్మలకు బలం ఎక్కువ. అందుకని కింది కొమ్మలను ఎక్కువ కత్తిరించాలి.

బోన్సాయ్‌తో రాత్రికి రాత్రి డబ్బు రాదు. చెట్టు ఆకారం రావడానికే మూడేళ్ళయినా పడుతుంది. అమ్ముదామని మొదలుపెట్టేవారు ముందు ఒకటి రెండు పెంచి చేతికి పని రానివ్వాలి. కడియం లాంటి నర్సరీ ఊళ్ళకు వెళ్ళి ధరలు, పని చూసి రావాలి.

మూడో సంక్రాంతి

మూడో ఏడు సంక్రాంతికి కాగితం పూల మొద్దు పూసింది. మూకుడంత కుండీ. అడుగున్నర చెట్టు. నిండా ఎర్రని పూలు. ముగ్గు చూడడానికి వచ్చిన వాళ్ళు అరుగు దగ్గర ఆగిపోయారు.

"ఎవరిదమ్మా హస్తవాసి?" అని ఒకామె అడిగింది.

"హస్తవాసి ఏముంది? పుల్ల గుచ్చి చూసి నీళ్ళు పోయాలి" అంది అత్త.

ఆ రాత్రి అన్నాలు తిన్నాక అత్త కోడలిని పిలిచింది. చాలాసేపు ఊరికే కూర్చుంది. తర్వాత నెమ్మదిగా అంది.

"అమ్మాయ్, ఆ మొక్క విషయంలో నిన్ను అనకూడని మాట అన్నాను. నీళ్ళు పరీక్ష చేయిస్తే గానీ నాకు తెలియలేదు. పండగ వెళ్ళాక మీరిద్దరూ ఏలూరు ఆసుపత్రికి వెళ్ళి చూపించుకోండి. నువ్వొక్కదానివే కాదు. వాణ్ణీ తీసుకెళ్ళు. పరీక్ష ఇద్దరికీ చేయాలని అడుగు."

కోడలు తల ఎత్తి అత్త వైపు చూసింది.

"కాగితం ఇస్తే తీసుకురా. నువ్వు చదువు, నేను వింటాను" అంది అత్త.

కొత్త మాటలు

ఆమ్లం: పులుపు గుణం. నిమ్మరసంలో, చింతపండులో ఉంటుంది.
క్షారం: సున్నం, సోడా లాంటి గుణం.
పీహెచ్: ఆమ్లం, క్షారం కొలిచే అంకె.
బోన్సాయ్: లోతు లేని కుండీలో చిన్నగా పెంచిన చెట్టు.

జవాబులు చెప్పండి

1. అజేలియా ఆకులు ఎందుకు పసుపు రంగుకు తిరిగాయి?
2. రెండు మొక్కలకు రెండు రకాల నీళ్ళు ఎందుకు పోశారు?
3. రెండో మొక్కకు నీరు మార్చినా మే నెలలో ఎందుకు చనిపోయింది?
4. నీరు పోయాలో వద్దో ఎలా తెలుసుకోవాలి?

చేసి చూడండి

మీ ఇంటి బోరు నీళ్ళు ఒక గిన్నెలో, వాన నీళ్ళు ఒక గిన్నెలో తీసుకోండి. రెండింటిలోనూ ఒకే సబ్బు కలిపి చూడండి. ఏ నీటిలో నురగ ఎక్కువ వచ్చింది? మీ పుస్తకంలో తేదీ వేసి రాయండి.

మాట్లాడుకోండి

మొక్క చనిపోయినా, గేదె పాలు తగ్గినా, పిల్లలు కలగకపోయినా ముందు ఎవరిని అంటారు? అలా అనే ముందు ఏం పరీక్ష చేయించాలి? మీ సంఘంలో అందరూ కలిసి మాట్లాడుకోండి.